సెల్ఫ్ తిరుగుతోంది, ట్రాక్టరు స్టార్ట్ కావడం లేదా? పంపు విప్పే ముందు పొగ చూడండి

మృగశిర కార్తెలో తొలకరి పడగానే ఊళ్లో అందరికీ ఒకేసారి ట్రాక్టరు కావాలి. ఎర్ర చల్కా నేలల్లో వాన వెలిసిన తర్వాత పదును కొద్ది రోజులే ఉంటుంది. నల్లరేగడిలో మొదట కాలు పెట్టనివ్వదు, ఆరడం మొదలైతే మళ్లీ గట్టిపడుతుంది. ఆ నాలుగు రోజుల్లో దుక్కి, విత్తనం పూర్తి కాకపోతే మరో వాన కోసం ఎదురుచూడాలి. సరిగ్గా అప్పుడే, వేసవంతా చెట్టు కింద నిలబడిన పాత ట్రాక్టరు మొరాయిస్తుంది. సెల్ఫ్ కొడితే ఇంజను గిరగిరా తిరుగుతుంది గానీ అందుకోదు.

ఇలాంటప్పుడు చాలామంది రైతులు రెండు పనులు చేస్తారు. బ్యాటరీ పూర్తిగా దిగిపోయేదాకా సెల్ఫ్ కొడుతూనే ఉంటారు. తర్వాత ఎవరో ఒకరు ‘పంపు పోయింది’ అంటే డీజిల్ పంపు విప్పించి పట్టణానికి పంపిస్తారు. పంపు బాగుచేయించడానికి వేలల్లో ఖర్చవుతుంది, పదును కూడా పోతుంది. నిజానికి ఈ సమస్యకు చాలాసార్లు కారణం చిన్నదే: డీజిల్ దారిలో చేరిన గాలి, ఫిల్టరులో నీరు, వెనక్కి రాని స్టాప్ తీగ, బలం తగ్గిన బ్యాటరీ. వీటిని రైతే ఒక పానా, ఒక గాజు సీసా, కాస్త ఓపికతో కనిపెట్టవచ్చు. ఏది ముందు చూడాలి, ఏది తర్వాత చూడాలి అన్న వరుస తెలిస్తే చాలు.

ఈ వ్యాసం యాంత్రిక డీజిల్ పంపు ఉన్న పాత ట్రాక్టర్ల గురించి. 2023 జనవరి నుంచి 50 హెచ్‌పీ పైబడిన కొత్త ట్రాక్టర్లకు కొత్త కాలుష్య నిబంధనలు వచ్చాయి. అలాంటి వాటిలో సీఆర్‌డీఐ ఇంజన్లు ఉంటాయి. వాటిలో డీజిల్ పీడనం 1,000 బార్లు దాటుతుంది కాబట్టి నాజిల్ పైపులు ఎట్టి పరిస్థితిలోనూ వదులు చేయకూడదు, కంపెనీ మెకానిక్‌నే పిలవాలి. అలాగే, తాళం తిప్పితే సెల్ఫ్ అసలు తిరగకుండా ‘టక్’ మని ఊరుకుంటే అది వేరే సమస్య. అక్కడ బ్యాటరీ, వైర్లు, సెల్ఫ్ మోటారు, క్లచ్ లేదా గేరు దగ్గరి స్విచ్చి చూసుకోవాలి.

మొదలుపెట్టే ముందు

ట్రాక్టరును చదునైన చోట ఉంచి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, బ్రేకు లాక్ చేయాలి. వెనుక పరికరం ఉంటే నేలకు దించాలి. పీటీఓ లివరు తీసేయాలి. సెల్ఫ్ ఎప్పుడూ సీటులో కూర్చునే కొట్టాలి. క్లచ్ పూర్తిగా తొక్కితే సెల్ఫ్ మోటారుపై భారం కూడా తగ్గుతుంది. ఒకసారికి 10 సెకన్లకు మించి సెల్ఫ్ కొట్టకూడదు. మళ్లీ కొట్టే ముందు కనీసం ఒక నిమిషం ఆగాలి. సెల్ఫ్ మోటారు వందల ఆంపియర్ల కరెంటు లాగుతుంది. ఆగకుండా కొడితే బ్యాటరీ దిగిపోవడమే కాదు, మోటారు వైండింగు కాలిపోతుంది. పిల్లలను దూరంగా ఉంచండి. దగ్గరలో బీడీ, సిగరెట్ కాల్చనివ్వకండి.

ఇంజను అందుకోవాలంటే నాలుగు కావాలి

డీజిల్ ఇంజనులో పెట్రోలు బండిలో లాగా నిప్పురవ్వ కొట్టే ప్లగ్గు ఉండదు. పిస్టన్ పైకి వచ్చినప్పుడు సిలిండరులోని గాలిని సుమారు 16 నుంచి 18 వంతుల్లో ఒక వంతుకు నొక్కుతుంది. సైకిలు పంపు కొట్టేటప్పుడు గొట్టం వేడెక్కడం మనకు తెలిసిందే. ఇదీ అలాంటిదే, కానీ ఇక్కడ గాలి 500 డిగ్రీల సెల్సియస్ పైకి వేడెక్కుతుంది. సరిగ్గా ఆ క్షణంలో నాజిల్ డీజిల్‌ను మంచులా చిమ్ముతుంది. ఆ వేడికే డీజిల్ అంటుకుంటుంది.

అంటే ఇంజను అందుకోవడానికి నాలుగు కావాలి: తగినంత వేగంగా తిరగడం, సరిపడా గాలి, ఆ గాలిని నొక్కే కంప్రెషన్, సరైన సమయానికి డీజిల్. ఇంజను అందుకోవడం లేదంటే ఈ నాలుగింటిలో ఏదో ఒకటి తక్కువైంది. ఏది తక్కువైందో తెలుసుకోకుండా దేన్నీ విప్పకూడదు.

ముందుగా ఒక ప్రశ్న వేసుకోండి. నిన్నటిదాకా బాగా నడిచి ఈ రోజు హఠాత్తుగా ఆగిందా? అయితే డీజిల్ రావడం ఆగి ఉంటుంది, లేదా గాలి దారి మూసుకుని ఉంటుంది. నెలల తరబడి కొంచెం కొంచెంగా మొరాయిస్తూ వచ్చిందా? అయితే బ్యాటరీ, నాజిళ్లు, ఇంజను అరుగుదల చూడాలి. ఈ మధ్య ఏదైనా పని చేయించారా? ఫిల్టరు మార్చిన మరునాడే ఆగితే గాలి చేరిందని అనుమానించాలి. పంపు విప్పి బిగించిన తర్వాత ఆగితే టైమింగు చూపించాలి.

పొగ ఏం చెబుతుంది?

స్టాప్ నాబ్ పూర్తిగా లోపలికి నొక్కి, చేతి యాక్సిలరేటర్ సగానికి పైగా ఉంచి, 10 సెకన్లు సెల్ఫ్ కొట్టండి. ఇంకొకరు పక్కన నిలబడి సైలెన్సర్ మూతి చూడాలి.

పొగ అసలు రాకపోతే సిలిండర్లలోకి డీజిల్ వెళ్లడం లేదు. ఇంజను లోపలి భాగాల గురించి ఇంకా ఆలోచించాల్సిన పని లేదు. ట్యాంకు నుంచి నాజిల్ దాకా డీజిల్ దారి వెతకాలి.

తెల్లగా లేదా బూడిద రంగులో, పచ్చి డీజిల్ వాసనతో పొగ వస్తుంటే డీజిల్ వెళుతోంది గానీ అంటుకోవడం లేదు. ఇంజను తిరిగే వేగం, చలి, నీరు, నాజిళ్లు, టైమింగు, కంప్రెషన్ చూడాలి.

నల్లటి పొగ వస్తుంటే డీజిల్‌కు తగినంత గాలి అందడం లేదు. ముందు ఎయిర్ క్లీనర్ చూడాలి.

ఈ ఒక్క పరీక్షకు రూపాయి ఖర్చు లేదు. అయినా పని సగం తేలిపోతుంది.

మొదట బ్యాటరీ, సెల్ఫ్ వేగం

సెల్ఫ్ తిరుగుతోంది కదా, బ్యాటరీ బాగానే ఉందని చాలామంది అనుకుంటారు. అది సరికాదు. అందుకోవాలంటే ఇంజను నిమిషానికి సుమారు 150 నుంచి 250 చుట్లు తిరగాలి. నెమ్మదిగా తిరిగితే, నొక్కిన గాలి రింగుల పక్క నుంచి జారిపోయేందుకు, దాని వేడిని సిలిండరు గోడలు లాగేసుకునేందుకు వ్యవధి దొరుకుతుంది. అప్పుడు డీజిల్ అంటుకునేంత వేడి పుట్టదు. ఇంజను బాగున్నా, పంపు బాగున్నా ట్రాక్టరు స్టార్ట్ కాదు.

హెడ్‌లైట్లు వేసి సెల్ఫ్ కొట్టండి. లైట్లు కొద్దిగా తగ్గితే ఫర్వాలేదు. పూర్తిగా మసకబారితే బ్యాటరీ బలహీనంగా ఉంది, లేదా కనెక్షన్లు వదులుగా ఉన్నాయి. చిన్న మల్టీమీటరు ఉంటే ఇంకా కచ్చితంగా తెలుస్తుంది. ఛార్జి చేసి కొన్ని గంటలు ఊరికే ఉంచిన బ్యాటరీ 12.6 వోల్టులు చూపితే నిండుగా ఉన్నట్లు. 12.2 దగ్గర ఉంటే సగమే ఉంది. 12 కంటే తగ్గితే దాదాపు ఖాళీ. సెల్ఫ్ కొడుతున్నప్పుడు 9.5 వోల్టుల కంటే కిందికి పడిపోతే ఆ బ్యాటరీని ఛార్జి చేయించాలి లేదా పరీక్ష చేయించాలి.

కొత్త బ్యాటరీ కొనే ముందు టెర్మినళ్లు చూడండి. తెల్లగా, పచ్చగా పూత పేరుకుంటే కరెంటు సరిగా పారదు. ముందు మైనస్ వైరు, తర్వాత ప్లస్ వైరు తీసి, వేడి నీళ్లలో తినే సోడా కలిపి కడగాలి. ఆ నీళ్లు బ్యాటరీ గదుల్లోకి పోకుండా చూసుకోవాలి. ఆరిన తర్వాత గరుకు కాగితంతో రుద్ది, ప్లస్ ముందు, మైనస్ చివర బిగించి, పైన వాజిలిన్ రాయాలి. మైనస్ వైరు ఇంజనుకో, చాసిస్‌కో బిగించిన చోట కూడా తుప్పు, మట్టి గీకి మళ్లీ బిగించండి. దీనికీ ఒక పరీక్ష ఉంది. మల్టీమీటరు ఒక మొన బ్యాటరీ మైనస్‌పై, రెండోది ఇంజను లోహంపై పెట్టి సెల్ఫ్ కొట్టించాలి. అర వోల్టు కంటే ఎక్కువ చూపితే లోపం ఆ వైరులోనే ఉంది, బ్యాటరీలో కాదు.

పొగ రాకపోతే: డీజిల్ దారి వెతకడం

పాత ట్రాక్టరులో డీజిల్ నడిచే దారి సాధారణంగా ఇలా ఉంటుంది. ట్యాంకు, దాని కింద కాక్, కొన్నింటిలో నీరు పట్టే గాజు గిన్నె, ఫీడ్ పంపు, ఒకటో రెండో ఫిల్టర్లు, డీజిల్ పంపు, అక్కడి నుంచి సన్నని స్టీలు పైపులు, చివర నాజిళ్లు. నీటి కాలువ తెగిన చోటు వెతికినట్లే, ట్యాంకు దగ్గర మొదలుపెట్టి ఒక్కో మజిలీ చూసుకుంటూ రావాలి.

ట్యాంకు: గేజిని నమ్మకండి, మూత తీసి చూడండి. డీజిల్ అడుగంటిన ట్యాంకుతో వాలులో దున్నితే గాలి లాగుతుంది. కాక్ తెరిచి ఉందో లేదో చూడండి. మూతలోని చిన్న రంధ్రం తెరుచుకుని ఉండాలి. డీజిల్ తగ్గే కొద్దీ ఆ రంధ్రం గుండా గాలి లోపలికి రావాలి. అది మూసుకుంటే కాసేపు నడిచి ఆగిపోతుంది, మూత తీయగానే ‘స్స్’ మని గాలి పీలుస్తుంది, మళ్లీ కాసేపు నడుస్తుంది. క్షేత్ర సందర్శనలో ఒక ఊళ్లో పంపు విప్పడానికి సిద్ధపడిన ట్రాక్టరు చూశాం. కారణం మూత రంధ్రంలో కుమ్మరి పురుగు కట్టిన మట్టిగూడు. ఒక సన్నని తీగతో పని అయిపోయింది.

స్టాప్ తీగ: ఇంజను ఆపడానికి నాబ్ లాగుతాం. తీగ తుప్పు పట్టినా, వంగినా నాబ్ లోపలికి పోయినట్లు కనిపిస్తుంది గానీ పంపు మీది చిన్న లివరు ‘ఆపు’ స్థానంలోనే ఉండిపోతుంది. బానెట్ ఎత్తి ఇంకొకరితో నాబ్ లాగించి, నొక్కించి లివరు నిజంగా కదులుతోందో లేదో కళ్లతో చూడండి. కదలకపోతే చేత్తో వెనక్కి తోసి సెల్ఫ్ కొట్టండి. తాళంతోనే ఆగే ట్రాక్టర్లలో పంపు దగ్గర కరెంటుతో పనిచేసే స్టాప్ సొలినాయిడ్ ఉంటుంది. తాళం తిప్పగానే అక్కడ ‘టక్’ మని వినిపించాలి. వినిపించకపోతే ఫ్యూజు, వైరు చూడండి. షెడ్డులో నిలిపిన ట్రాక్టర్ల వైర్లను ఎలుకలు కొరకడం మామూలే.

నీరు: ఫిల్టరు అడుగున ఉన్న స్క్రూ వదులు చేసి కాస్త డీజిల్‌ను శుభ్రమైన గాజు సీసాలో పట్టి పావుగంట కదపకుండా ఉంచండి. డీజిల్ నీటి కంటే తేలిక. నీరు ఉంటే అడుగున వేరే పొరగా కనిపిస్తుంది. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో రాత్రి చల్లబడినప్పుడు గాలిలోని తేమ బిందువులుగా మారి డీజిల్‌లో చేరుతుంది. డబ్బాల్లో, డ్రమ్ముల్లో నిల్వ ఉంచిన డీజిల్‌లోకి వాన నీరు చేరడం ఇంకో కారణం. నీరు కనిపిస్తే శుభ్రమైన డీజిల్ వచ్చేదాకా వంచేయాలి. ట్యాంకు అడుగు నీటిని కూడా తీయాలి.

ఫిల్టరు: నల్లటి జిగురు పేరుకుంటే లేదా మార్చి చాలా కాలమైతే కొత్తది వేయండి. పాత ఫిల్టరును పెట్రోలుతో కడిగి మళ్లీ వేయడం పొదుపు కాదు. డీజిల్ పంపు లోపలి భాగాల మధ్య సందు మన వెంట్రుక మందంలో పదో వంతు కూడా ఉండదు. ఫిల్టరు దాటిన సన్నని ఇసుక ఆ సందులో పడితే వేలల్లో ఖర్చు. ఫిల్టరు ఖరీదు దాని ముందు ఏపాటిది?

ఎయిర్ తీసే పద్ధతి

డీజిల్‌ను నొక్కితే కుదించుకుపోదు, అందుకే పంపు నొక్కగానే నాజిల్ తెరుచుకుంటుంది. మధ్యలో గాలి ఉంటే అది స్పాంజిలా నొక్కుకుపోతుంది, నాజిల్ తెరుచుకోదు. ట్యాంకు ఖాళీ అయినా, ఫిల్టరు మార్చినా, పైపు విప్పినా ఎయిర్ తీయాల్సిందే. పద్ధతి ఇది:

1. ట్యాంకులో సగానికి పైగా డీజిల్ పోసి కాక్ తెరవండి. ఫిల్టర్లు, పంపు చుట్టూ మట్టిని గుడ్డతో శుభ్రంగా తుడవండి.

2. మొదటి ఫిల్టరు పైనున్న ఎయిర్ స్క్రూ రెండు మూడు చుట్లు వదులు చేయండి. ఫీడ్ పంపు చేతి లివరును లేదా పిడిని కొడుతూ ఉండండి. మొదట బుడగలు, నురుగు వస్తాయి. బుడగ లేకుండా డీజిల్ ధారగా వచ్చినప్పుడు, కొడుతూ ఉండగానే స్క్రూ బిగించండి.

3. చేతి లివరుకు పట్టు దొరకకుండా వదులుగా ఆడితే అది చెడిపోయిందని అనుకోకండి. లోపలి క్యాము దాన్ని ఎత్తి పట్టి ఉండవచ్చు. సెల్ఫ్‌ను ఒక్క క్షణం తిప్పి మళ్లీ కొట్టి చూడండి.

4. రెండో ఫిల్టరు ఉంటే దానికీ ఇలాగే చేయండి. తర్వాత డీజిల్ పంపు మీది ఎయిర్ స్క్రూ దగ్గర చేయండి.

5. ఇప్పుడు సెల్ఫ్ కొట్టండి. అందుకోకపోతే నాజిళ్ల దగ్గర స్టీలు పైపు నట్లను ఒక చుట్టు మాత్రమే వదులు చేయండి. స్టాప్ నాబ్ లోపలికి, యాక్సిలరేటర్ పూర్తిగా పెట్టి సెల్ఫ్ కొట్టండి. నట్ల దగ్గర డీజిల్ ఆగి ఆగి ఉబికి రావాలి. వచ్చిన వెంటనే నట్లు బిగించండి. సాధారణంగా ఈసరికి ఇంజను అందుకుంటుంది.

6. కారిన డీజిల్‌ను తుడిచేయండి. ఇంజను నడుస్తుండగా అన్ని చోట్లా కారడం లేదని చూసుకోండి.

నట్లు వదులు చేసినప్పుడు చేయి, ముఖం దగ్గర పెట్టకండి. ఈ పంపులు సుమారు 200 బార్ల పీడనంతో నాజిల్‌ను తెరుస్తాయి. కారు టైరులో ఉండే గాలి పీడనానికి అది దాదాపు వంద రెట్లు. సన్నగా చిమ్మే డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది. బయట సూది గుచ్చినంత గాయమే కనిపిస్తుంది, మొదట నొప్పి కూడా ఉండకపోవచ్చు. కానీ లోపల కండ కుళ్లి వేలు, చేయి పోయే ప్రమాదం ఉంటుంది. అలా జరిగితే ఆలస్యం చేయకుండా శస్త్రచికిత్స సదుపాయం ఉన్న పెద్ద ఆసుపత్రికి వెళ్లి, ‘డీజిల్ పీడనంతో లోపలికి వెళ్లింది’ అని డాక్టరుకు చెప్పండి.

ఎయిర్ తీశాక బాగా నడిచి, మరునాటికి మళ్లీ అదే సమస్య వస్తే గాలి ఎక్కడి నుంచో లోపలికి వస్తోంది. ట్యాంకుకు, ఫీడ్ పంపుకు మధ్యనున్న పైపును బాగా చూడండి. అక్కడ పంపు డీజిల్‌ను పీలుస్తుంది కాబట్టి, చీలిక ఉన్నా డీజిల్ బయటికి కారకుండా గాలే లోపలికి వెళ్లవచ్చు. పైపు పొడిగా ఉంది కాబట్టి బాగుందని అనుకోవద్దు. ఎండకు పగిలిన రబ్బరు పైపు, అరిగిన రాగి వాషర్లు, ఫిల్టరు రబ్బరు రింగు మారిస్తే సమస్య తీరుతుంది. వీటికి పెద్ద ఖర్చు కాదు.

ఫిల్టర్ల దాకా, పంపు దాకా డీజిల్ ధారగా వచ్చి, స్టాప్ లివరు కూడా సరిగా కదులుతూ, నాజిల్ పైపుల్లో మాత్రం చుక్క రాకపోతే అప్పుడు డీజిల్ పంపును అనుమానించాలి. అప్పుడు మెకానిక్‌ను పిలవండి. పంపును చెట్టు కింద విప్పనివ్వకండి. టెస్ట్ బెంచి ఉన్న చోటే విప్పించాలి.

తెల్ల పొగ వస్తుంటే

ఇక్కడ డీజిల్ చేరుతోంది, వేడి చాలడం లేదు. ముందు పైన చెప్పిన బ్యాటరీ పరీక్ష చేయండి. బాగా ఛార్జి ఉన్న బ్యాటరీ పెడితే అందుకుంటుందేమో చూడండి. ఆదిలాబాద్ వైపు, అరకు, పాడేరు మన్యంలో చలికాలం తెల్లవారుజామున ఈ ఇబ్బంది ఎక్కువ. చలికి బ్యాటరీ బలం తగ్గుతుంది, ఆయిల్ చిక్కబడి ఇంజను బరువుగా తిరుగుతుంది. కొన్ని ట్రాక్టర్లలో లోపలికి వెళ్లే గాలిని వేడి చేసే హీటరు ఉంటుంది. అది ఉంటే పుస్తకంలో చెప్పినంత సేపు వాడి తర్వాత సెల్ఫ్ కొట్టాలి.

బ్యాటరీ బాగున్నా తెల్ల పొగే వస్తుంటే డీజిల్‌లో నీరు ఉందేమో సీసాతో చూడండి. తర్వాత నాజిళ్లు పరీక్ష చేయించండి. అరిగిన నాజిల్ మంచులా చిమ్మకుండా చుక్కలుగా కారుస్తుంది. చుక్క అంటుకోదు. నాజిళ్ల పరీక్షకు ఖర్చు తక్కువే, పంపు విప్పాల్సిన పని లేదు.

చివరగా కంప్రెషన్. చలిగా ఉన్నప్పుడు లాగితే తప్ప స్టార్ట్ కాకపోవడం, వేడెక్కాక సులభంగా స్టార్ట్ కావడం, ఆయిల్ పోసే మూత తీస్తే పొగ ఎగదన్నడం, తరచూ ఆయిల్ తగ్గిపోవడం, మునుపటి లాగడం లేకపోవడం, ఇవన్నీ కలిసి కనిపిస్తే రింగులు, లైనర్లు అరిగి ఇంజను బోరుకు వచ్చినట్లే. అయినా వెంటనే ఇంజను దించేయకండి. ట్యాపెట్ల సందు సరిచేయించి, కంప్రెషన్ మీటరుతో ఒక్కో సిలిండరు కొలిపించండి. అన్నీ సమానంగా తగ్గాయా, ఒక్కటే తగ్గిందా అన్నదాన్ని బట్టి ఖర్చు మారుతుంది.

ఒక హెచ్చరిక. సెల్ఫ్ కొడితే ఇంజను కొద్దిగా తిరిగి ‘ఠక్’ మని బిగుసుకుంటే, లేదా ఆయిల్ పాల రంగులోకి మారితే సిలిండరులోకి నీరు దిగి ఉండవచ్చు. వరద నీటిలో మునిగిన ట్రాక్టరుకూ ఇదే వర్తిస్తుంది. నీరు నొక్కుకుపోదు, బలవంతంగా తిప్పితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. సెల్ఫ్ కొట్టడం ఆపి మెకానిక్‌ను పిలవండి.

గాలి దారి కూడా చూడండి

వరి కోతలు, గడ్డి మోపులు, దుమ్ము దుక్కి తర్వాత ఎయిర్ క్లీనర్ త్వరగా పూడిపోతుంది. ఆయిల్ గిన్నె ఉన్న రకంలో గిన్నె దించి, అడుగున పేరుకున్న బురద కడిగి, గీత వరకే కొత్త ఆయిల్ పోయాలి. గీత దాటి పోస్తే ఆయిల్ ఇంజనులోకి పీల్చుకుపోయి, స్టాప్ నాబ్ లాగినా ఆగకుండా ఇంజను పరుగెత్తే ప్రమాదం ఉంది. కాగితం ఫిల్టరు ఉన్న రకంలో దాన్ని నీళ్లతో కడగకండి. సైలెన్సర్ గొట్టంలో పిట్ట గూడు, ఉడుత చేర్చిన పీచు, కుమ్మరి పురుగు మట్టి ఉన్నాయేమో చూడండి.

చేయకూడని పనులు

ఈథర్ స్ప్రే, పెట్రోలు ఎయిర్ క్లీనర్‌లో కొట్టి స్టార్ట్ చేయకండి. అవి సమయానికి ముందే పేలి పిస్టన్లు, రింగులు విరుగుతాయి. హీటరు ఉన్న ఇంజనులో మంట బయటికి కొడుతుంది. గాలి దారి దగ్గర గుడ్డ కాల్చి పట్టుకోవడం కూడా ఇలాంటిదే.

స్క్రూడ్రైవరుతో సెల్ఫ్ మోటారు టెర్మినళ్లు కలిపి స్టార్ట్ చేయకండి. అలా చేస్తే గేరు, క్లచ్ దగ్గరి రక్షణ స్విచ్చి పనిచేయదు. గేరులో ఉంటే ట్రాక్టరు ఒక్కసారిగా కదిలి, పెద్ద చక్రం ముందు నిలబడిన మనిషినే తొక్కుతుంది. ఈ ఒక్క అలవాటు ప్రాణాలు తీస్తుంది. స్విచ్చి చెడిపోతే మార్పించండి, దాటేయకండి.

వేరే ట్రాక్టరు బ్యాటరీతో స్టార్ట్ చేయాలంటే రెండూ 12 వోల్టులవే కావాలి. మందపాటి వైర్లు వాడాలి. ప్లస్‌కు ప్లస్ కలిపాక, మంచి బ్యాటరీ మైనస్ నుంచి వచ్చే వైరును దిగిపోయిన బ్యాటరీకి కాకుండా, దానికి దూరంగా ఇంజను లోహానికి పట్టించాలి. బ్యాటరీ నుంచి వచ్చే గ్యాసుకు నిప్పురవ్వ తగలకుండా ఈ జాగ్రత్త.

లాగించి స్టార్ట్ చేయడం తప్పనిసరి అయితే తాడును ముందు భాగంలో లాగడానికి ఇచ్చిన కొక్కేనికే కట్టాలి. రెండు ట్రాక్టర్ల మధ్య ఎవరూ ఉండకూడదు. పొగే రాని ట్రాక్టరును లాగి ప్రయోజనం లేదు. డీజిల్ అందని ఇంజను కిలోమీటరు లాగినా స్టార్ట్ కాదు.

మెకానిక్‌కు ఫోన్ చేసినప్పుడు

‘స్టార్ట్ అవ్వట్లేదు, రండి’ అంటే అతనికి ఏమీ తెలియదు. ఈ వివరాలు చెప్పండి: సెల్ఫ్ వేగంగా తిరుగుతోందా, నెమ్మదిగానా. పొగ వస్తోందా, ఏ రంగు. హఠాత్తుగా ఆగిందా, కొంతకాలంగా మొరాయిస్తోందా. చివరిసారి ఏ పని చేయించారు. సీసాలో నీరు కనిపించిందా. ఎయిర్ తీశారా, నాజిల్ పైపుల దాకా డీజిల్ వచ్చిందా. ఇవి చెబితే అతను సరైన సామానుతో ఒకేసారి వస్తాడు. ఏ భాగం మార్చినా పాతది అడిగి తీసుకోండి, దేనివల్ల చెడిపోయిందో చూపించమనండి. కారణం చూపకుండా ముందే పంపు విప్పుదామంటే, ‘పైపుల దగ్గర డీజిల్ రావడం లేదని ముందు చూపించు’ అని అడిగే హక్కు మీకుంది.

రోహిణి కార్తెలోనే చేసుకోవాల్సినవి

తొలకరికి పది పదిహేను రోజుల ముందే ట్రాక్టరును ఒకసారి స్టార్ట్ చేసి చూడండి. బ్యాటరీ నీటి మట్టం చూసి డిస్టిల్డ్ వాటర్ పోయండి, ఛార్జి పెట్టించండి. ఫిల్టరు నీరు వంచండి. ఎయిర్ క్లీనర్ కడగండి. రబ్బరు పైపులు పగిలితే మార్చండి. ఒక ఫిల్టరు, నాలుగు రాగి వాషర్లు, సరిపోయే పానాలు టూల్ బాక్సులో ఉంచుకోండి. పనులు లేని నెలల్లో కూడా పదిహేను రోజులకోసారి స్టార్ట్ చేసి, వేడెక్కేదాకా నడపండి. పని రోజుల్లో సాయంత్రమే ట్యాంకు నింపి ఉంచితే రాత్రి తేమ చేరడానికి లోపల చోటుండదు.

ఈ వరుసను ఒక కాగితం మీద రాసి టూల్ బాక్సులో పెట్టుకోండి: పొగ, బ్యాటరీ, ట్యాంకు, స్టాప్ తీగ, నీరు, ఫిల్టరు, ఎయిర్, గాలి దారి, నాజిళ్లు. పంపు, ఇంజను వీటన్నిటి తర్వాతే.